వీసీఆర్ నుంచి ప్లేస్టేషన్ 5 దాకా: ఏ పెట్టెను టీవీకి ఏ దారిలో కలపాలి?

టీవీ వెనక వంగి, చేతిలో మూడు రంగుల వైరు పట్టుకుని, దీన్ని ఎక్కడ గుచ్చాలో తెలియక ఆగిపోయిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దాచిపెట్టిన డీవీడీ ప్లేయరో, వీసీఆరో, ప్లేస్టేషన్ 2నో బయటికి తీస్తారు. కొత్త టీవీకి చూస్తే హెచ్‌డీఎంఐ పోర్టులు తప్ప ఇంకేమీ కనబడవు. కొందరిది సరిగ్గా దీనికి తలకిందుల పరిస్థితి: కన్సోల్ కొత్తది, టీవీ పాతది. ఎవరినడిగినా "ఒక కన్వర్టర్ పెట్టుకో, వచ్చేస్తుంది" అంటారు. బొమ్మ వస్తుంది, నిజమే. కానీ తెర మీద మనుషులు సాగిపోయి లావుగా కనిపిస్తారు. ఆటలో అయితే బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ కదలదు.

మా ఇంట్లో ఒకే టీవీకి వీసీఆర్, ప్లేస్టేషన్ 2, ఒక కొత్త కన్సోల్ కలిపి ఉన్నాయి. వాటన్నిటినీ కుదిర్చేసరికి నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. కేబుల్‌తో మొదలుపెట్టకూడదు. పెట్టెలోంచి ఏ సిగ్నల్ వస్తోంది, అది తెర చేరేలోపు ఎన్నిసార్లు రూపం మారుతోంది అన్నదే అసలు లెక్క. మారిన ప్రతిసారీ కొంత స్పష్టతో, కొంత సమయమో పోతుంది. కాబట్టి మధ్యలో మార్పులు ఎంత తక్కువగా ఉంటే అంత మంచి దారి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, రెండు వైపుల సాకెట్లు. పెట్టె వెనక ఉన్నవీ టీవీ వెనక, పక్కన ఉన్నవీ ఒక కాగితం మీద రాసుకోండి. టీవీలో ఎర్ర, తెల్ల, పసుపు సాకెట్లు లేకపోయినా 'ఏవీ ఇన్' (బొమ్మ, శబ్దం లోపలికి వెళ్లే చోటు) అని రాసిన చిన్న 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉందేమో వెతకండి. చూడ్డానికి హెడ్‌ఫోన్ జాక్‌లా ఉంటుంది. చాలామంది దాన్ని గమనించకుండానే కన్వర్టర్ కొనేస్తారు.

రెండోది, మీరు చూసేవాళ్లా, ఆడేవాళ్లా. మిగతా ఎంపికలన్నిటికీ ఇదే మూలం. సినిమా చూస్తున్నప్పుడు బొమ్మ సెకనులో పదోవంతు ఆలస్యంగా వచ్చినా, శబ్దం కూడా అంతే ఆలస్యంగా వస్తే మీకు తెలియనే తెలియదు. ఆటలో అలా కాదు. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము వయసు 16.7 మిల్లీసెకన్లు. 100 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే ఆరు ఫ్రేములు. దూకాల్సిన చోట బొమ్మ దూకదు, గుంటలో పడుతుంది. పిల్లలు తమకే చేతకావడం లేదనుకుని వదిలేస్తారు. తప్పు వాళ్లది కాదు, మధ్యలో ఉన్న పెట్టెలది.

మూడోది, బొమ్మ ఆకారం. పాత ఆటలు, క్యాసెట్లు, పాత టీవీ కార్యక్రమాలు చాలావరకు 4:3 కొలతలో తయారయ్యాయి. ఇప్పటి తెరలు 16:9. పక్కల నల్ల పట్టీలు రావడమే సరైన పద్ధతి. తెర నిండాలని బొమ్మను సాగదీయకండి.

నాలుగోది శబ్దం ఏ దారిలో వెళ్తుంది అన్నది. హెచ్‌డీఎంఐ, స్కార్ట్ బొమ్మనూ శబ్దాన్నీ కలిపే మోస్తాయి. ఎస్-వీడియో, కాంపోనెంట్ బొమ్మను మాత్రమే మోస్తాయి, శబ్దానికి ఎర్ర, తెల్ల వైర్లు విడిగా పెట్టాలి. ఇది మర్చిపోయి టీవీ స్పీకరు పాడైందనుకునేవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు.

## అన్ని దారులూ ఒక్కచోట

కింద కనిపించే 480, 576, 1080 లాంటి అంకెలు బొమ్మలో పైనుంచి కిందికి పేర్చిన గీతల లెక్క. అంకె పక్కన 'ఐ' ఉంటే ఒక్కోసారికి సగం గీతలే వస్తాయి, 'పీ' (ప్రోగ్రెసివ్) ఉంటే అన్నీ ఒకేసారి వస్తాయి.

| దారి | ఎలా గుర్తుపట్టాలి | మోయగల బొమ్మ | శబ్దం | ఎక్కడ పనికొస్తుంది |
|---|---|---|---|---|
| ఆంటెనా కేబుల్ | గుండ్రటి సాకెట్, మధ్యలో ఒక్క సూది | సాధారణ స్థాయి, అన్నిటికన్నా మసక | కలిసే వస్తుంది | వేరే దారి లేని తొలినాటి కన్సోళ్లు |
| కాంపోజిట్ | పసుపు పిన్ను | 480ఐ లేదా 576ఐ | ఎర్ర, తెల్ల పిన్నులు | వీసీఆర్, పాత డీవీడీ ప్లేయర్లు |
| ఎస్-వీడియో | 4 సూదులున్న చిన్న గుండ్రటి పిన్ను | అదే స్థాయి, కానీ రంగులు శుభ్రం | విడిగా | సూపర్ వీహెచ్‌ఎస్, కొన్ని పాత కన్సోళ్లు |
| స్కార్ట్ | 21 సూదుల వెడల్పాటి ప్లగ్ | అదే స్థాయి, ఆర్‌జీబీ ఉంటే చాలా స్పష్టం | కలిసే వస్తుంది | యూరప్ మార్కెట్ పరికరాలు |
| కాంపోనెంట్ | ఆకుపచ్చ, నీలం, ఎరుపు | 480ఐ నుంచి 1080ఐ వరకు, కొన్నిటిలో 1080పీ | విడిగా | డీవీడీ, ప్లేస్టేషన్ 2, నింటెండో వీ, ఎక్స్‌బాక్స్ 360 |
| హెచ్‌డీఎంఐ | 19 సూదుల చదునైన ప్లగ్ | 4కే, అంతకు పైన కూడా | కలిసే వస్తుంది | 2006 తర్వాతి పరికరాల్లో ఎక్కువ భాగం |

## ఆంటెనా దారి

1977లో వచ్చిన అటారీ 2600, 1983లో జపాన్‌లో వచ్చిన తొలి ఫ్యామికామ్ (నింటెండో కన్సోల్) టీవీకి కలిసింది ఈ దారిలోనే. కన్సోల్ తానే ఒక చిన్న టీవీ స్టేషన్‌లా ఒక చానల్ మీద ప్రసారం చేస్తుంది, టీవీని ఆ చానల్‌కు ట్యూన్ చేయాలి. వీసీఆర్ వెనకా ఇలాంటి అవుట్‌పుట్ ఉంటుంది. పెట్టె మీద పసుపు సాకెట్ ఉంటే ఈ దారి జోలికి వెళ్లకండి. ఇది తప్ప వేరేది లేకపోతే, చిన్న చిక్కు ఒకటుంది: డిజిటల్ ట్యూనర్ మాత్రమే ఉన్న టీవీ ఈ పాత అనలాగ్ ప్రసారాన్ని అసలు పట్టుకోదు.

## కాంపోజిట్: పసుపు, ఎరుపు, తెలుపు

అందరికీ తెలిసిన వైరు ఇదే, అన్నిటికన్నా ఎక్కువ అపార్థాలూ దీని మీదే. వెలుగు సమాచారాన్నీ రంగు సమాచారాన్నీ కలిపి ఒకే తీగలో పంపడం దీని పద్ధతి. టీవీ వాటిని మళ్లీ విడదీయాలి. ఆ విడదీయడం ఎప్పుడూ పూర్తిగా కుదరదు. అందుకే రంగు అంచుల వెంట చుక్కలు పాకుతున్నట్టు ఉంటుంది, సన్న గీతల చొక్కా మీద లేని రంగులు మెరుస్తాయి.

వీసీఆర్‌కు మాత్రం ఇదే సరైన జోడీ. 1976లో వచ్చిన వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో అడ్డంగా సుమారు 240 గీతల వివరం మాత్రమే ఉంటుంది. అంతకన్నా మంచి తీగ పెట్టినా బయటికి రావడానికి లోపల ఏమీ లేదు. ఒకే స్పీకరు శబ్దం ఉన్న వీసీఆర్ అయితే తెల్ల పిన్ను ఒక్కటి పెడితే చాలు.

టీవీలో చిన్న 3.5 మిల్లీమీటర్ల ఏవీ రంధ్రం ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. దానికి కావాల్సిన చిన్న వైరు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ లోపల ఏ వలయం దేనికి అన్నది కంపెనీని బట్టి మారుతుంది. తప్పు వైరు పెడితే స్పీకర్లో జుయ్యిమని మోత వస్తుంది, బొమ్మ రాదు. టీవీతో వచ్చిన వైరు దాచిపెట్టుకోవడం మేలు. అది పోతే, కొత్త వైరు పనికిరాదని తేల్చే ముందు ఒకటి చేసి చూడండి. ప్లేయర్ పసుపు పిన్నును వైరు ఎర్ర సాకెట్‌లో పెట్టండి, తర్వాత తెల్లదాంట్లో. చాలాసార్లు అలాగే కుదురుతుంది. వైరు మీది రంగులు మన గుర్తు కోసం వేసినవే, లోపలి రాగికి రంగు లేదు.

బొమ్మ నలుపు తెలుపుగా వస్తోందా? రెండు కారణాలుంటాయి. ఒకటి, చాలా టీవీల్లో పసుపు, ఆకుపచ్చ కలిపి ఒకే సాకెట్‌గా ఇస్తారు. అందులో కాంపోజిట్ పెట్టి, ఇన్‌పుట్ మెనూలో కాంపోనెంట్ ఎంచుకుంటే రంగు పోతుంది. మెనూలో ఏవీకి మార్చండి. రెండోది, ప్లేయర్ ఎన్‌టీఎస్‌సీలో పంపుతోంది, టీవీ పాల్ కోసం చూస్తోంది (ఇవి రెండు వేర్వేరు రంగు ప్రసార పద్ధతులు). డీవీడీ ప్లేయర్ సెట్టింగుల్లో దీన్ని మార్చుకోవచ్చు.

ఇంకొక మాట. టీవీకి ఒక్క ఏవీ ఇన్‌పుట్టే ఉందని డీవీడీ ప్లేయర్‌ను వీసీఆర్‌లోంచి టీవీకి కలపకండి. చాలా డీవీడీల్లో కాపీ కాకుండా మాక్రోవిజన్ అనే రక్షణ ఉంటుంది. వీసీఆర్ గుండా వెళ్తే బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. రెండింటికీ కలిపి నొక్కి మార్చుకునే ఏవీ స్విచ్ పెట్టె వాడండి. అది సిగ్నల్‌ను మార్చదు, దారి మళ్లిస్తుంది అంతే.

## ఎస్-వీడియో, స్కార్ట్

ఎస్-వీడియో వెలుగును, రంగును రెండు వేర్వేరు తీగల్లో పంపుతుంది. చుక్కలు పాకే బాధ పోతుంది. పాత ట్యూబ్ టీవీలో ఈ సాకెట్ ఉంటే వాడుకోండి. కొత్త టీవీల్లో దాదాపు కనబడదు కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

స్కార్ట్ ఫ్రాన్స్‌లో పుట్టి యూరప్ అంతా వాడిన ప్లగ్. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వెళ్లే ఆర్‌జీబీ దారి ఉంటుంది. పాత ఆటల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు ఇప్పటికీ దీన్నే వెతుక్కుంటారు. కానీ స్కార్ట్ ప్లగ్ కనబడగానే ఆర్‌జీబీ అనుకోవద్దు. లోపల కాంపోజిట్ తీగ ఒక్కటే ఉన్న స్కార్ట్ వైర్లూ ఉంటాయి. కొనే ముందు అడిగి తెలుసుకోండి.

## కాంపోనెంట్: చాలామంది పట్టించుకోని మంచి దారి

ఆకుపచ్చ, నీలం, ఎరుపు. పక్కన శబ్దానికి మళ్లీ ఎరుపు, తెలుపు. రెండు ఎర్ర పిన్నులు ఉండటంతోనే తికమక మొదలవుతుంది. రెండూ తారుమారైతే బొమ్మ రంగులు తప్పుతాయి, శబ్దంలో ఒక వైపు మోత వస్తుంది. మొదట వీడియో ఎరుపును పెట్టేసి, తర్వాత శబ్దం జత చేయండి.

ఈ దారి విలువ డీవీడీ ప్లేయర్లు, 2000ల నాటి కన్సోళ్ల దగ్గర తెలుస్తుంది. ప్లేస్టేషన్ 2కు పెట్టెతో వచ్చిన పసుపు వైరు తీసి కాంపోనెంట్ వైరు పెట్టినప్పుడు, తెర మీద అక్షరాలు మొదటిసారి అంచులతో కనిపించాయి నాకు. ప్లేస్టేషన్ 2, ప్లేస్టేషన్ 3 వెనక ఏవీ సాకెట్ ఒకటే కాబట్టి ఒకదాని కాంపోనెంట్ వైరు ఇంకొకదానికి పనికొస్తుంది. వైరు మార్చగానే పని అయిపోదు. కన్సోల్ మెనూలోనూ కాంపోనెంట్ ఎంచుకోవాలి. నింటెండో వీ కూడా అంతే. దానికి హెచ్‌డీఎంఐ లేదు, 480పీయే దాని పైస్థాయి. ఆ 480పీ కాంపోనెంట్ వైరుతోనే వస్తుంది, అదీ మెనూలో మార్చితేనే.

ఒక చిక్కు: ప్లేస్టేషన్ 2లో మొదటి ప్లేస్టేషన్ ఆటలు పెడితే 240పీ అనే పాత రకం సిగ్నల్ వస్తుంది. చాలా టీవీలు దాన్ని కాంపోనెంట్ ఇన్‌పుట్‌లో ఒప్పుకోవు, తెర నల్లగా ఉండిపోతుంది. కన్సోల్ పాడవలేదు, భయపడకండి. ఆ ఆటల కోసం పసుపు వైరు పక్కన ఉంచుకోండి.

బ్లూ-రే ప్లేయర్ల విషయం వేరు. కాపీ రక్షణ నియమాల వల్ల 2010 తర్వాత తయారైన ప్లేయర్లు అనలాగ్ దారిలో బ్లూ-రే సినిమాను సాధారణ స్థాయికి తగ్గించే పంపాలి. 2013 తర్వాతివాటిలో అయితే అనలాగ్ దారే లేదు. బ్లూ-రేకు హెచ్‌డీఎంఐ తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి.

## హెచ్‌డీఎంఐ: ఒకే ఆకారం, లోపల చాలా తేడాలు

ఈ ప్లగ్ 2002 చివర్లో పుట్టింది. ఆకారం అప్పటినుంచీ మారలేదు, దానివల్లే చిక్కు. రెండు ప్లగ్గులు ఒకేలా ఉన్నా మోయగల బరువు వేరు. 2013 నాటి 2.0 వెర్షన్ సెకనుకు 18 గిగాబిట్లు మోస్తుంది. 4కే బొమ్మ 60 హెర్ట్జ్‌లో (అంటే సెకనుకు 60 సార్లు) రావడానికి అది చాలు. 2017 నాటి 2.1 వెర్షన్ 48 గిగాబిట్ల దాకా వెళ్తుంది. 4కే 120 హెర్ట్జ్ దీనితోనే సాధ్యం.

డీవీడీ ప్లేయర్‌కు, బ్లూ-రేకు, ప్లేస్టేషన్ 3కు, ప్లేస్టేషన్ 4కు, మొదటి నింటెండో స్విచ్‌కు ఏ మామూలు హెచ్‌డీఎంఐ వైరైనా సరిపోతుంది. బంగారు పూత, లావు తొడుగు చూసి ఎక్కువ పెట్టకండి. డిజిటల్ సిగ్నల్ సరిగ్గా చేరితే పూర్తిగా చేరుతుంది. చేరకపోతే మెరుపులు, మధ్యమధ్యలో నల్ల తెర రూపంలో తెలిసిపోతుంది. ఖరీదైన వైరుతో రంగులు ఇంకా బాగా వస్తాయన్నది జరగని పని.

2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ దగ్గర మాత్రం వైరు నిజంగా ముఖ్యం. 'అల్ట్రా హై స్పీడ్' అని ముద్ర ఉన్న వైరు కావాలి. పెట్టె మీద ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉంటుంది. కన్సోల్‌తో పాటు వచ్చే వైరు ఈ పనికి సరిపోయేదే. దాన్ని ఇంకో పరికరానికి వాడేసి, కన్సోల్‌కు పాత వైరు తగిలించకండి.

టీవీ వైపూ చూడాలి. నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్న టీవీలో కూడా చాలాసార్లు 120 హెర్ట్జ్ తీసుకునేవి ఒకటో రెండో మాత్రమే. పక్కన '4కే 120' లాంటి గుర్తు ఉంటుంది. అదే పోర్టు సౌండ్‌బార్ పెట్టుకునే ఈఆర్క్ పోర్టు (టీవీ శబ్దాన్ని బయటికి పంపేది) కూడా అయితే, కన్సోల్‌కూ సౌండ్‌బార్‌కూ పోటీ వస్తుంది. టీవీ కొనేముందు ఈ ఒక్క సంగతి అడగండి. పెట్టె మీద '2.1' అని ఉంటే చాలదు. ఆ వెర్షన్‌లో చాలా సదుపాయాలు తప్పనిసరి కాదు, కాబట్టి 120 హెర్ట్జ్, వేరియబుల్ రిఫ్రెష్ రేటు (ఆట వేగాన్ని బట్టి తెర వేగం మారడం) ఉన్నాయా అని పేరుపేరునా చూడాలి. సరైన పోర్టులో పెట్టాక టీవీ మెనూలో ఆ పోర్టుకు పూర్తి సామర్థ్యం ఇచ్చే సెట్టింగు ఆన్ చేయాలి. చాలా టీవీల్లో అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది.

4కే డిస్కులు చూసేవాళ్లకు ఇంకో మెలిక. ప్లేయర్, మధ్యలో ఉన్న ఆడియో రిసీవర్ (స్పీకర్లకు శబ్దం పంచే పెట్టె), టీవీ మూడూ హెచ్‌డీసీపీ 2.2 అనే రక్షణను అర్థం చేసుకోవాలి. రిసీవర్ పాతదైతే గొలుసు అక్కడ తెగిపోయి బొమ్మ 1080పీకి దిగిపోతుంది. అందుకే కొన్ని 4కే ప్లేయర్లకు రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్లు ఇస్తారు: ఒకటి బొమ్మకు నేరుగా టీవీకి, ఇంకోటి శబ్దానికి రిసీవర్‌కు.

స్టిక్ రూపంలో వచ్చే స్ట్రీమింగ్ ప్లేయర్లు పోర్టులోకి నేరుగా దిగుతాయి, వాటికి విడిగా కరెంటు కావాలి. టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి తీసుకుంటే ఒక్కోసారి చాలదు, స్టిక్ తనంతట తానే మళ్లీమళ్లీ రీస్టార్ట్ అవుతుంది. దానితో వచ్చిన అడాప్టర్ వాడితే ఆ బాధ ఉండదు.

## గేమ్ మోడ్

కొత్త టీవీలు బొమ్మను తెర మీద పెట్టేముందు నున్నగా చేయడం, అంచులు దిద్దడం, మధ్య ఫ్రేములు కల్పించడం లాంటివి చేస్తాయి. ఈ పనులన్నిటికీ సమయం పడుతుంది. సినిమాకు ఫరవాలేదు. ఆటకు అదే శత్రువు. ఈ పనులన్నీ ఉంటే కొన్ని టీవీల్లో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది. గేమ్ మోడ్ పెడితే అదే టీవీ 20 దగ్గరికి, మంచివైతే 10 దగ్గరికి దిగుతుంది. కొత్త వైరు కొనడం కన్నా ఈ ఒక్క మార్పు ఆటలో ఎక్కువ తేడా తెస్తుంది.

గేమ్ మోడ్‌ను కన్సోల్ ఉన్న పోర్టుకు మాత్రమే పెట్టండి, డిస్క్ ప్లేయర్ పోర్టును సినిమా మోడ్‌లో ఉంచండి. చాలా టీవీలు పోర్టుకో సెట్టింగు గుర్తుపెట్టుకుంటాయి. కొత్త కన్సోళ్లు ఆట మొదలవగానే టీవీని తామే గేమ్ మోడ్‌లోకి మార్చగలవు.

## కన్వర్టర్లు: అసలు తప్పులు జరిగేది ఇక్కడే

ముందుగా దిశ. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే పెట్టె వేరు, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది వేరు. రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి ఇంకొకదాని పని చేయదు. పెట్టె మీద 'ఇన్' ఏ వైపు, 'అవుట్' ఏ వైపు అని చూడండి. ప్లేయర్ వైపు ఇన్, టీవీ వైపు అవుట్. ఒక చివర హెచ్‌డీఎంఐ, మరో చివర మూడు రంగుల పిన్నులు ఉన్న ఉత్త వైరు కూడా అమ్ముతారు. మధ్యలో ఏ సర్క్యూటూ లేని ఆ వైరు కన్సోల్‌కూ టీవీకీ మధ్య పని చేయదు. అనలాగ్, డిజిటల్ మధ్య మార్పు వైరుతో జరగదు, దానికి కరెంటుతో నడిచే చిప్ కావాలి.

చిన్న సాధారణ కన్వర్టర్ డీవీడీ ప్లేయర్‌కు పరవాలేదు. 4:3 బొమ్మను అది 16:9గా సాగదీసి పంపుతుంది కాబట్టి టీవీ మెనూలో కొలతను 4:3కు మార్చుకోండి. వీసీఆర్‌తో మాత్రం తడబడొచ్చు. టేపు తిరిగే వేగంలో చిన్నచిన్న ఒడిదుడుకులు ఉంటాయి, సిగ్నల్ నిలకడగా ఉండదు. చౌక చిప్ ఆ తడబాటును తట్టుకోలేక క్షణంపాటు నల్ల తెర చూపిస్తుంది. టీవీకి ఏవీ ఇన్‌పుట్ ఉంటే వీసీఆర్‌ను నేరుగా దానికే పెట్టడం మంచిది.

పాత కన్సోళ్ల దగ్గర సమస్య ఇంకా లోతు. 1980లు, 90ల కన్సోళ్లు ఎక్కువగా 240పీ పంపుతాయి: సెకనుకు సుమారు 60 పూర్తి బొమ్మలు, ఒక్కోటి 240 గీతలు. చౌక కన్వర్టర్ దాన్ని 480ఐ అనుకుంటుంది, అంటే ఒక్కో బొమ్మ సగం గీతలదని నమ్ముతుంది. పక్కపక్క బొమ్మలను జత కలిపి అల్లడానికి చూస్తుంది. ఆ కాలం ఆటల్లో నీడను చూపడానికి ఒక ఫ్రేములో వేసి మరో ఫ్రేములో తీసేసేవారు. దెబ్బ తగిలిన పాత్ర కూడా అలాగే మినుకుమినుకుమంటుంది. కన్వర్టర్ అల్లికలో ఆ నీడ చారలుగా మారుతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. ఆట తయారుచేసినవాళ్లు ఎంతో తెలివిగా వేసిన బొమ్మ అది. మన చేతిలో అలా చెడిపోవడం నాకు బాధగా ఉంటుంది.

అందుకే పాత ఆటల కోసమే తయారైన స్కేలర్లు, అంటే బొమ్మను కొత్త తెర కొలతకు పెంచే పెట్టెలు, ఉన్నాయి. ఓఎస్‌ఎస్‌సీ, రెట్రోటింక్ అలాంటివే. అవి 240పీని 240పీగా గుర్తించి, ఒక్కో గీతను లెక్క ప్రకారం పెంచి, దాదాపు ఆలస్యం లేకుండా హెచ్‌డీఎంఐలోకి పంపుతాయి. సాధారణ కన్వర్టర్ కన్నా చాలా ఖరీదైనవి. ఒకే కన్సోల్ ఉండి, ఏడాదికి నాలుగుసార్లు ఆడేవాళ్లకు అక్కర్లేదు. మూడు నాలుగు పాత కన్సోళ్లుండి వారం వారం ఆడేవాళ్లు కొనదగ్గది అదే.

తుపాకీతో ఆడే పాత ఆటలుంటే ఏ స్కేలరూ సాయం చేయలేదు. ఆ తుపాకులు ట్యూబ్ తెర మీద వెలుగు వచ్చే సరైన క్షణాన్ని బట్టి గురిని కనిపెడతాయి. ఎల్‌సీడీ తెర మీద ఆ క్షణం మారిపోతుంది. నింటెండో జాపర్ పని చేయాలంటే ట్యూబ్ టీవీ కావాల్సిందే.

ఇక కొత్త కన్సోల్, పాత టీవీ ఉన్నవాళ్లు. ప్లేస్టేషన్ 4 నుంచి అనలాగ్ అవుట్‌పుట్ లేదు, కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే పెట్టె పెట్టక తప్పదు. బొమ్మ వస్తుంది, మెనూ అక్షరాలు మాత్రం చదవలేరు. 1080పీ కోసం గీసిన సన్న అక్షరాలు 480 గీతల్లోకి కుదిస్తే మిగిలేది మసకే. కారు పందెం ఆటలు నడుస్తాయి, సంభాషణ చదువుతూ ఆడేవి నడవవు. నా సలహా: కన్వర్టర్ బదులు స్పీకరుకు వేరే దారి చూసుకుని, హెచ్‌డీఎంఐ ఉన్న పాత కంప్యూటర్ మానిటర్ అయినా తెచ్చుకోండి. ఆటకు అదే మేలు.

## మీరు ఎవరైతే, ఏ దారి

క్యాసెట్లు మాత్రమే చూసేవాళ్లు: వీసీఆర్ నుంచి కాంపోజిట్, నేరుగా టీవీ ఏవీ ఇన్‌పుట్‌కు. ఇంకేమీ కొనకండి.

డీవీడీలు ఎక్కువగా ఉన్నవాళ్లు: ప్లేయర్‌కు హెచ్‌డీఎంఐ ఉంటే అదే. లేకపోతే కాంపోనెంట్, దానితో పాటు ప్లేయర్ మెనూలో ప్రోగ్రెసివ్ స్కాన్ ఆన్. ఆ రెండూ లేకపోతేనే పసుపు. ఇంట్లో బ్లూ-రే ప్లేయరో, డిస్క్ డ్రైవున్న కన్సోలో ఉంటే సాధారణంగా అందులోనే డీవీడీలు చూడొచ్చు, పాత ప్లేయర్‌ను కలపాల్సిన పనే ఉండదు. నింటెండో కన్సోళ్లు మాత్రం ఈ పనికి రావు.

ప్లేస్టేషన్ 2, వీ, తొలి ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లు: టీవీకి కాంపోనెంట్ ఇన్‌పుట్ ఉంటే కాంపోనెంట్ వైరు, గేమ్ మోడ్. లేకపోతే కాంపోనెంట్‌ను హెచ్‌డీఎంఐగా మార్చే పెట్టె. పసుపు వైరును మార్చే పెట్టె తీసుకోకండి, మొదట్లోనే పోయిన స్పష్టత ఏ పెట్టెతోనూ తిరిగి రాదు.

నింటెండో స్విచ్ ఉన్నవాళ్లు: డాక్‌కు (కన్సోల్‌ను నిలబెట్టే స్టాండుకు) ముందు కరెంటు అడాప్టర్, తర్వాత హెచ్‌డీఎంఐ, చివర్లో కన్సోల్. స్విచ్ లైట్ మాత్రం టీవీకి కలవదు. ఏ వైరు కొన్నా కలవదు.

ప్లేస్టేషన్ 5, సిరీస్ ఎక్స్ ఉన్నవాళ్లు: టీవీ 60 హెర్ట్జ్‌దే అయితే 120 కోసం వైర్లు మార్చుతూ టెన్షన్ పడొద్దు. గేమ్ మోడ్ పెట్టి హాయిగా ఆడండి. 120 హెర్ట్జ్ టీవీ అయితే పైన చెప్పిన సరైన పోర్టు, సరైన వైరు, సరైన సెట్టింగు మూడూ కలవాలి. మధ్యలో పాత రిసీవర్ ఉంటే దాన్ని తప్పించి, కన్సోల్‌ను నేరుగా టీవీకి పెట్టి, శబ్దాన్ని ఈఆర్క్ ద్వారా వెనక్కి పంపండి.

## అన్నీ సరిగ్గా పెట్టినా బొమ్మ రాకపోతే

టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చారా అన్నది మొదటి ప్రశ్న. తర్వాత చూడాల్సింది కన్సోల్ గుర్తుపెట్టుకున్న పాత సెట్టింగు. హెచ్‌డీఎంఐతో వాడిన ప్లేస్టేషన్ 3ని తీసుకెళ్లి ఏవీ వైరుతో ఇంకో టీవీకి పెడితే నల్ల తెరే కనిపిస్తుంది, ఎందుకంటే అది ఇంకా హెచ్‌డీఎంఐకే పంపుతోంది. ఆఫ్ చేసి, పవర్ బటన్‌ను రెండో బీప్ వినిపించేదాకా నొక్కి పట్టుకుంటే కొత్త వైరును వెతుక్కుంటుంది. ప్లేస్టేషన్ 4, 5లో అదే పద్ధతి సేఫ్ మోడ్ తెరుస్తుంది, అక్కడ రిజల్యూషన్ మార్చుకోవచ్చు. మీ టీవీ ఒప్పుకోని రిజల్యూషన్ పొరపాటున ఎంచుకున్నా బయటపడే దారి ఇదే. డీవీడీ ప్లేయర్ ప్రోగ్రెసివ్‌లో ఇరుక్కుంటే రిమోట్‌లో 'పీ స్కాన్' బటనో, 'వీడియో మోడ్' బటనో ఉందేమో చూసి ఒక్కొక్కసారి నొక్కుతూ పోండి.

క్యాసెట్లున్నవాళ్లకు మాత్రం ఒక తొందర చెప్పాలి. చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. ఇప్పుడు తిరుగుతున్న ప్రతి యంత్రమూ పాతదే. మీ వీసీఆర్ టీవీకి కలిసి బొమ్మ చూపిస్తోందంటే, అదే పసుపు, తెల్ల పిన్నులను ఒక రోజు వీడియో క్యాప్చర్ పరికరానికి పెట్టి, ఇంటి వీడియోలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఏళ్లుగా కదపని టేపును ముందు చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి, అప్పుడు ప్లే చేయండి. టేపు చుట్టలో బిగువు సమంగా సర్దుకుంటుంది.